పేరు చెరిపిన మాత్ర

1

వన్నూరప్పకు మీరు మందు పెడుతున్నారు. మనిషిని మొద్దుబారుస్తున్నారు. అది ఏ మందో మాకు చెప్పడం లేదు.

మేము జోడుకొకటి రాసే ఈ చిట్టా కింద కంపెనీకి, అంటే మీకు, వచ్చేది నీళ్ల సంగతి చెప్పడానికని నాకు తెలుసు. వలకు మబ్బు ఎంత పట్టింది, దుమ్ము ఎక్కడ గట్టిపడింది, వలను పైన నిలిపే ఏ బుడగలో గాలి తగ్గింది. అవన్నీ మిగతా జోళ్లు రాస్తాయి. నేను ఇవాళ్టి నుంచి వన్నూరప్ప సంగతి రాస్తాను. చదవడం మీ పని.

నా పేరు సుంకులు, వన్నూరప్పకు జోడు. మూడో వల. నేను బడికి పోలేదు. వల మూటల మీద, పిండి సంచుల మీద, గాలి బుడ్ల మీద ఉండే అచ్చు చూసి నాకు నేనే చదవడం నేర్చుకున్నాను. అందుకే అచ్చు లేని వస్తువంటే నాకు అనుమానం. వన్నూరప్ప మాత్రల పట్టీ వెండి రంగులో ఉంటుంది. వెనక పేరు ఉండాల్సిన చోట గీకేసి ఉంది. మేము పొద్దస్తమానం వల గీకేవాళ్లం. గీకిన గుర్తు మాకు తెలియదా?

మేస్త్రీ హంపన్నను అడిగాను.

"అది బలం మందు పాపా. వయసు మీద పడతాంది కదా వానికి."

"నీకంటే చిన్నోడు కదా మేస్త్రీ."

"అందుకే నేను దినామూ గుడ్డు తింటాండా" అని నవ్వి వెళ్లిపోయాడు. నాకు నవ్వు రాలేదు. అడిగిన దానికి జవాబు చెప్పకుండా నవ్వించేవాణ్ణి నేను నమ్మను.

2

మందుల గూడును కూడా అడిగాను. మా విశ్రాంతి బల్ల పక్కన గోడకు బిగించి ఉంటుంది కదా, మీరు పెట్టిందే. చెయ్యి పెడితే మనిషిని గుర్తుపట్టి మాత్రలు రాలుస్తుంది. ఆడమనిషి గొంతుతో మెత్తగా మాట్లాడుతుంది.

"వన్నూరప్ప మాత్ర పేరేంటి?"

"మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం. అది బలం మందు."

"అది తిన్నప్పటి నుంచి ఆయనకు కడుపులో తిప్పుతోంది."

"నీళ్లు ఎక్కువగా తాగండి."

మబ్బును పిండి నీళ్లు పట్టేది మేము, పట్టిన నీళ్లన్నీ కిందికి పోతాయి. మాకు మిగిలేది మనిషికి రెండు చెంబులు. ఆ సంగతి గూడుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

వన్నూరప్ప ముందు ఎలా ఉండేవాడో మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. మబ్బు వస్తుంటే బంధువును పిలిచినట్టు పిలిచేవాడు. రాకపోతే దాని అవ్వనూ తాతనూ తిట్టేవాడు. ఈ ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి ఆ తిట్లు ఆగిపోయాయి. తెల్లవారకముందే లేచి బల్ల మీద కూర్చుంటాడు. గడ్డం గీసుకోడు. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని, అది ఎందుకు పట్టుకున్నాడో మరిచిపోయినట్టు చూస్తాడు.

"ఏం జరిగిందన్నా?" అని అడిగాను.

"ఏం జరగల్యా."

"ఏం జరక్కుండా ఎవరైనా ఇట్లయితారా?"

"అదే నాకూ తెల్దు పాపా."

నాకు ఈ జవాబు నచ్చలేదు. దేనికైనా ఒక కారణం ఉంటుంది. ఎవరో ఏదో చేసి ఉంటారు. ఆ తర్వాత ఈ వెండి పట్టీ వచ్చింది. ఇక కారణం వెతకాల్సిన పనేముంది?

3

తాడు మీద మా కట్టుబాటు మీకు తెలుసో లేదో. ఇద్దరినీ కలిపి ఒక తాడు ఉంటుంది, దాన్ని జోడు తాడు అంటాం. ఒకరు జారితే రెండోవాళ్లు ఆపాలి. అందుకని తాడు కట్టుకున్నాక ఒకరి చేతికి వచ్చింది ఏదైనా సగం రెండోవాళ్లది. బెల్లం ముక్కయినా సగమే, తిట్లయినా సగమే. ఒకరు ఒంటరిగా తింటే ఆ తాడు తెగుతుందని మా నమ్మకం.

వన్నూరప్ప ఈ మాత్రను కూడా గోటితో విరిచి సగం నాకిస్తున్నాడు. మధ్యలో గీత ఉంటుంది, చక్కగా విరుగుతుంది.

"ఇది నీది" అంటాడు.

మొదట్లో మింగాను. వద్దంటే తాడు వద్దన్నట్టే. ఇప్పుడు నాకూ కడుపులో తిప్పుతోంది. రాత్రి నిద్ర పట్టదు, కాళ్లు ఒకచోట నిలవవు, ఊరికే ఆవలింతలు. ఇక మీరు ఏమీ లేదని బుకాయించలేరు. సాక్ష్యం నా ఒంట్లోనే ఉంది.

4

ఒకటో వల హనుమక్కతో చెప్పాను. ఆమె దుమ్ము బురదను గీకుడు బద్దతో తోస్తూ నా మాట పూర్తిగా విన్నది.

"పిచ్చి మందేమో అని నా అనుమానం" అన్నాను. "అట్లాంటి మందు తినేవానితో ఎవరైనా తాడు కట్టుకుంటారా?"

"నువ్వు కట్టుకుంటివి కదా."

"నాకు చెప్పలేదు కాబట్టి కట్టుకున్నా."

"అయితే చెప్పకపోవడమే మంచిదాయె" అని బద్ద అందుకుని అవతలికి పోయింది. ఆమె కూడా మేస్త్రీ మనిషేనేమో. రాసి పెట్టుకుంటున్నాను.

5

ఇవాళ మాత్రలు మానిపించాను.

"మానేద్దాం అన్నా. ఇద్దరమూ."

ఆయన పట్టీ ఉన్న జేబు మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. "నాలుగు వారాలన్నా చూడల్లంట. అప్పటిదాకా గుణం తెలీదంట."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరో."

"గూడు చెప్పిందా?"

"గూడు ఏం చెప్తాది, నీళ్లు తాగమంటాది."

"మరి ఎవరు?"

నా దగ్గర మాట దాచాడు. తాడు కట్టుకున్నాక దాపరికం ఏమిటి? నాకు ఒళ్లు మండింది. పట్టీ లాక్కుని వల సందులోంచి కిందికి వదిలేశాను. ఎండలో మెరుస్తూ చాలా దూరం పడింది. ఆయన దాన్ని కనిపించినంత సేపూ చూశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

6

నాకు కడుపు కుదుటపడింది. వికారం లేదు. చూశారా?

7

వన్నూరప్పకు తల తిరుగుతోంది.

"తలకాయలో జివ్వుమంటాది పాపా. కరెంటు తీగ తగిలినట్ల. కన్ను పక్కకి తిప్పితే సాలు."

పాడు కలలు వస్తున్నాయట. నిన్న వల గీకుతూ గీకుతూ ఆగి ఏడ్చాడు. ఏడుస్తున్నట్టు ఆయనకే తెలియలేదు. చెంప తుడుచుకుని, తడి మబ్బుదేమో అని పైకి చూశాడు. పైన మబ్బు లేదు.

తింటే ఒక బాధ, మానేస్తే ఇంకో బాధ. మీరు ఆయనకు దాన్ని అలవాటు చేశారు. సారా అంగడివాళ్లు చేసే పని ఇదే. హంపన్నకు ముఖం మీదే చెప్పాను. ఆయన రంగు మారింది.

"మాన్పించినావా? ఒక్కసారిగా?"

"మాన్పిస్తే నీకేం?"

"నీ యవ్వ, ఎవర్నడిగి మాన్పించినావు?"

"నువ్వు ఎవర్నడిగి పెట్టించినావు?"

ఆయన భయపడ్డాడు. దొంగతనం బయటపడ్డవాడి భయంలా లేదు అది. నాకు అది అర్థం కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

8

ఇది కూడా రాస్తాను.

మధ్యాహ్నం మబ్బు బాగా పట్టింది. వల తెల్లగా నిండిపోయి నాకు నా చెయ్యే కనిపించలేదు. ఇలాంటప్పుడు జోడు తాడును లాగి పలకరించుకుంటాం. ఒకసారి లాగితే "ఉన్నావా" అని. అటు నుంచి ఒకసారి లాగితే "ఉన్నా" అని.

లాగాను. తాడు తేలిగ్గా వచ్చింది. చివరిదాకా వచ్చేసింది. ముడి విప్పి ఉంది.

నేను ఎలా పాకానో నాకు తెలియదు. అడ్డకమ్మీ చివర కూర్చుని ఉన్నాడు. నడుము కొక్కెం ఇంకా వలకే ఉంది, చెయ్యి దాని మీద ఉంది. నేను ఆ చేతిని పట్టుకున్నాను. విడిపించుకోలేదు. నా కొక్కేన్నీ ఆయన కొక్కేన్నీ కలిపి తాడుతో మెలికేసి కట్టి, ఆయన వెనకే కూర్చున్నాను.

"నువ్వు జారితే నేను ఆపాలి కదన్నా. ముడి ఎందుకు ఇప్పినావు?"

"నువ్వు జారకూడదని" అన్నాడు.

మబ్బు దాటిపోయేదాకా ఆయన చొక్కా నా పిడికిట్లోనే ఉంది. అప్పుడు చెప్పాడు, ఒక్కొక్క మాటా.

మందు మీరు దొంగతనంగా పెట్టలేదు. ఆయనే అడిగి తెచ్చుకున్నాడు. పోయిన దిగుడు సెలవులో కింది ఊళ్లో డాక్టర్ షాహీన్ దగ్గరికి తనంతట తనే వెళ్లాడు. "నిద్ర లేదు, తిండి లేదు, బతుకు మీద ఆశ లేదు" అని చెప్పుకున్నాడు. ఆమె చాలాసేపు మాట్లాడింది, మందు పేరు చెప్పింది, కాగితం రాసిచ్చింది. రెండు వారాలకు మళ్లీ చూపించుకోమంది. పైకి ఎక్కేటప్పుడు హంపన్న ఆ కాగితం చూసి చించేశాడు. "ఇది తెలిస్తే కంపెనీ నిన్ను తాడు ఎక్కనీదు, ఊరికి పంపిస్తాది" అన్నాడట. మందు మాత్రం తను చెప్పి తెప్పిస్తానని, గూడు నుంచి వస్తుందని అన్నాడు. వచ్చింది, పేరు లేకుండా. రెండు వారాలకు కిందికి దించమంటే, గిలక మీద దిగే తొట్టి నీళ్లకే చాలడం లేదన్నాడు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"నువ్వు పిచ్చి మందు తినేవానితో తాడు కట్టుకోనంటివంట కదా. హనుమక్క చెప్పె."

9

డాక్టర్‌ను పిలిపించాను. కింద గిలక దగ్గర ఈరమ్మ ఉంటుంది, తొట్టి దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ ఆమెతో తీగ మీద మాట్లాడతాం. "మనిషి ప్రాణం మీదికొచ్చింది, డాక్టరమ్మను గిలక కాడికి తీసుకరా" అన్నాను. ఈరమ్మ ఎందుకని అడగలేదు, చెప్పు కూడా తొడుక్కోకుండా పోయిందట.

తీగలో ఆడ గొంతు వినిపించింది. మెత్తగా ఉంది. నాకు వెంటనే గూడు గుర్తొచ్చింది. మీరు ఆ గొంతును దేనికైనా తగిలించగలరు.

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"మనిషినే. పరుగెత్తుకుని వచ్చినా, ఆయాసం వినపడ్డం ల్యా?"

"ఆయాసం గూడుకీ పెట్టొచ్చు. ఒకటి అడుగుతా. వన్నూరప్పకు ఇట్ల ఎందుకయింది? ఏం జరక్కుండానే ఎందుకయింది?"

"ఆయనకే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అంటే నాకు కచ్చితంగా తెలీదమ్మా. కొందరికి కారణం కనపడ్తాది, కొందరికి కనపడదు. కనపడకపోయినా జబ్బు జబ్బే."

గూడు ఇంతవరకూ ఎప్పుడూ తెలీదు అనలేదు. అప్పుడు ఆమెను కొంచెం నమ్మాను. పూర్తిగా కాదు.

జరిగింది మొత్తం చెప్పాను. సగం సగం పంచుకున్నదీ, మాన్పించిందీ. ఆమె నన్ను తిట్టలేదు. కానీ దాచిపెట్టకుండా చెప్పింది. ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ చించేసిన కాగితంలో ఉన్నది ఇదే.

ఆ మందు పేరు సెర్ట్రలిన్. దిగులు జబ్బుకు ఇచ్చేది. బలం మందు కాదు. కడుపులో తిప్పడం, నిద్ర చెడడం, కాలు నిలవకపోవడం మొదట్లో చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి కొన్నాళ్లకు సర్దుకుంటాయి. సర్దుకోకపోతే డాక్టర్‌కు చెప్పాలి, మందు మార్చవచ్చు, మోతాదు మార్చవచ్చు. గుణం మాత్రం వారాల తర్వాతే తెలుస్తుంది. అంటే బాధ ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. ఆ మధ్య కాలంలోనూ, మోతాదు మారినప్పుడూ కొందరికి చచ్చిపోవాలనే ఆలోచన పెరగవచ్చు, ముఖ్యంగా వయసులో చిన్నవాళ్లకు. అందుకే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, అందుకే రెండు వారాలకు రమ్మంది. ఒక్కసారిగా మానేయకూడదు. తలలో జివ్వుమనడం విషం కాదు, సారా లాంటి వ్యసనం కాదు. ఒంటికి అలవాటైన మందు తటాలున ఆగినందుకు వచ్చింది. మానాలంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ మానాలి.

"మరి సగం తిన్నందుకు?"

"ఆయనకు సాలలేదు. నీకు అవసరమే లేదు. ఒకరికి రాసిన మందు ఇంకొకరు తినకూడదు. నిన్నూ ఒకసారి చూడాల."

"నన్ను చూడాల్సిన పని లేదు."

"నాకుంది" అంది. మొండి మనిషి.

పట్టీ మళ్లీ సంపాదించి తినిపించమంటావా అని అడిగాను. తను చూడకుండా వద్దంది. ఎంతతో మొదలుపెట్టాలో చూసి చెప్పాలట. మందు ఒక్కటే చాలదు, కూర్చోబెట్టి మాట్లాడాలి కూడా అంది. అంతవరకూ ఆయన్ను వల ఎక్కించవద్దు, ఒంటరిగా వదలవద్దు, ఇవాళే దించు లేదా తనను ఎక్కించు అంది. తానే ఎక్కుతానంటే ఆఫీసు అనుమతి చీటీ లేదని కింద మీ మనుషులు గిలక ఆపేశారట.

చివరగా అడిగింది: "చచ్చిపోవాలని ఉందా అని ఆయన్ను సూటిగా అడిగినావా?"

"అట్ల అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా?"

"కాదు. ఉన్న ఆలోచనను ఆయన ఒక్కడే మోస్తాండాడు. అడుగు."

10

అడిగాను. బల్ల మీద పక్కపక్కన కూర్చుని, ఆయన ముఖం చూడకుండా.

"అన్నా, చచ్చిపోవాలని ఉందా నీకు?"

"కమ్మీ మీద కూర్చున్నప్పుడు ఉండె" అన్నాడు.

"ఇప్పుడు?"

"పోతా వస్తా ఉండాది."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఏదైనా పగలగొట్టాలనిపించింది. కానీ ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత ఒక బరువు దిగినట్టు వినిపించింది. ఆ రెండు మాటలు బయటికి రావడానికి ఆయన ఇన్ని రోజులు ఎవరైనా అడుగుతారని చూశాడేమో.

"వచ్చినప్పుడు చెప్తావా?"

"చెప్తే ఏం చేస్తావు?"

"ఏం చేస్తానో తెల్దు. ఈడనే కూర్చుంటా."

"నువ్వు కూర్చుంటే వాగుతావు."

"వాగుతా. భరించు."

నవ్వలేదు. కానీ చెంబులో నీళ్లు తాగి మిగిలినవి నా వైపు జరిపాడు.

11

హంపన్న దగ్గరికి వెళ్లాను. ఈసారి అరవలేదు. కాగితం ఎందుకు చించావని మాత్రం అడిగాను.

ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "వాడే కాళ్లు పట్టుకున్నాడు సుంకులూ, తాడు పోగొట్టొద్దని. మనసు మందు తినేవాళ్లు తాడు ఎక్కకూడదని కంపెనీవాళ్ల కట్టడి. వాడు దిగిపోతే ఇంకోన్ని పంపరు. నేనూ వాని మేలే అనుకుంటి."

"పట్టీ వెనక పేరు నువ్వే గీకినావా?"

"నేను గీకల్యా. కింద నుంచే గీకి వస్తాయి. తలనొప్పి మాత్రకి పేరుంటాది, దీనికి ఉండదు. మన వలల్లో ఇంకా కొంతమందికి వస్తాండాయి ఇట్లాంటివి."

ఈ మాట విన్నాక నేను ఇన్నాళ్లూ తప్పు చోట అనుమానపడ్డానని అర్థమైంది. అనుమానపడడం మాత్రం తప్పు కాదు. మందు తినేవాడికి పని లేదని మీరే కట్టడి పెట్టారు. తినేవాళ్లు లేకపోతే వల నడవదని మీకే తెలుసు. అందుకని పేరు గీకి, బలం మందని చెప్పి, డాక్టర్ మళ్లీ చూడకుండా చేసి, గూడు చేత నీళ్లు తాగమనిపిస్తున్నారు. మందు మంచిదే. మీరు దాన్ని చీకట్లో పెట్టి ఇచ్చారు. చీకట్లో ఉన్నదాన్ని నేను విషం అనుకున్నాను, తీసి కిందికి విసిరాను. విసిరిన చెయ్యి నాది. ఆ మాట నేను వన్నూరప్పకు చెప్పుకున్నాను, మీకు కాదు.

మధ్యాహ్నం హనుమక్క వచ్చి వెండి పట్టీ ఒకటి నా ఒళ్లో పడేసింది. వెనక గీకేసి ఉంది.

"రెండేండ్ల నుంచి తింటాండా. నాకు పని చేసింది. ముందు నోరెండిపోయి సచ్చినట్లయితాండె, మల్ల సర్దుకున్య. నా జోడు కూడా ఎరగదు. నీలాంటి వాగుడుకాయకు తెలిస్తే నాలుగు వలలకూ సాటిస్తావని దాచుకుంటి."

"ఇప్పుడు చాటమంటావా?"

"ఇప్పుడు సాటు. నా పేరుతోనే రాయి."

ఆమె పేరు హనుమక్క, ఒకటో వల. రాశాను.

12

ఇది మబ్బువల యాజమాన్యానికి. మూడో వల నుంచి సుంకులు, వన్నూరప్ప. కింద మిగతా జోళ్ల వేలిముద్రలు ఉన్నాయి.

వన్నూరప్ప ఇవాళ కిందికి దిగాలి, లేదా డాక్టర్ షాహీన్ ఇవాళ పైకి ఎక్కాలి. ఏదో ఒకటి. దిగితే నీళ్లు తీసేసి తొట్టి మనిషికి ఇవ్వాలి, ఆయనతో పాటు నేను దిగుతాను. ఆయన తాడు ఆయనదిగానే ఉంటుంది. ఎప్పుడు మళ్లీ ఎక్కాలో డాక్టర్ చెప్తుంది, మీరు కాదు. పట్టీల మీద మందు పేరు తెలుగులో అచ్చు వేయాలి, వాడేవాళ్లకు దాని మంచీ చెడూ మనిషి నోటితో చెప్పాలి. మనసు మందు తినేవాళ్లకు తాడు లేదన్న కట్టడి తీసేయాలి. ఈ చివరి రెండింటికీ వారం గడువు ఇస్తున్నాం. మొదటిదానికి లేదు, అది ఇవాళే.

జోళ్లన్నీ బద్దలు కింద పెట్టి బల్లల మీద కూర్చున్నాయి, హంపన్న కూడా. గీకకపోతే వలకు దుమ్ము బురద పట్టి ఎంత బరువెక్కుతుందో, బుడగలు ఎంతవరకు మోస్తాయో మీ దగ్గర లెక్కలున్నాయి. పడమట మబ్బు లేస్తోంది.

ఈరమ్మ గిలక మీద చెయ్యి పెట్టుకుని మీ చీటీ కోసం చూస్తోంది. ఇవాళ పొద్దు గూకేలోపు జవాబు ఇవ్వండి. గూడు ద్వారా కాదు, మనిషి గొంతుతో.